ఫొటో కోసం చేపను పైకి ఎత్తొద్దు: నడిసముద్రపు గాలం వేటలో కెమెరా పని

నడిసముద్రంలో సరదాగా గాలం వేటకు వెళ్లిన బోటు మీద అసలు హడావుడి మొదలయ్యేది చేప గాలానికి చిక్కినప్పుడు కాదు, అది బోటు పక్కకు వచ్చినప్పుడు. అప్పటిదాకా గంటో రెండు గంటలో ఒక్క మనిషే రాడ్ ఎత్తుతూ, దించుతూ, రీల్ తిప్పుతూ చెమటోడుస్తుంటాడు, మిగతావాళ్లు చూస్తుంటారు. చేప వెన్ను నీటి కింద నీలంగా మెరిసి, దారం చివర ఉండే మందపాటి లీడర్ చేతికి అందేంత దగ్గరికి రాగానే, సిబ్బందిలో ఒకరు గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఆ లీడర్‌ను పట్టుకుంటారు, ఇంకొకరు హుక్ తీసే పరికరం అందుకుంటారు, కెప్టెన్ వెనక్కి తిరిగి చూస్తూ ఇంజన్‌ను అటూ ఇటూ సర్దుతుంటాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "ఆగండాగండి, ఒక్క ఫొటో!" అని అరుస్తారు.

ఆ ఒక్క ఫొటో కోసం చేపను నీళ్లలోంచి ఎత్తుతారు. లీడర్ పట్టుకున్న మనిషి ఇంకాసేపు పట్టుకునే ఉంటాడు. అందరూ ఒకే మూలకు చేరతారు, బోటు ఒక పక్కకు ఒరుగుతుంది. చేపకైనా మనిషికైనా ఎక్కువ ముప్పు ఉన్నది ఆ కొద్ది క్షణాల్లోనే. అందుకే ఈ రకం ఫొటోగ్రఫీలో నిజమైన పనితనం ఖరీదైన లెన్సులో లేదు, ఆ కొద్ది క్షణాలు అడగకుండానే ఫొటో తీసుకోగలగడంలో ఉంది. మిగతా జాగ్రత్తలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

చేపను బయటికి తీస్తే ఏమవుతుందో ముందు తెలియాలి. మొప్పల్లో చాలా పల్చటి పొరలు వరసలు వరసలుగా ఉంటాయి, నీళ్లలో ఉన్నంతసేపూ అవి విడివిడిగా తేలుతూ నీటిలోని ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. గాలిలోకి రాగానే అవన్నీ తడి జుట్టులా ఒకదానికొకటి అతుక్కుపోతాయి, చుట్టూ ఎంత గాలి ఉన్నా ఒంటికి అందదు. పైగా ఆ చేప అప్పటికే లాగి లాగి అలసిపోయి ఉంటుంది. రొప్పుతున్నవాడి ముక్కూ నోరూ ఒకేసారి మూసేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. 1992లో కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద చేసిన ప్రయోగంలో, అలసిపోయేదాకా ఈదించి నీళ్లలోనే ఉంచిన వాటిలో 12 శాతం చనిపోయాయి, 30 సెకన్లు గాలిలో పెట్టిన వాటిలో 38 శాతం, 60 సెకన్లు పెట్టిన వాటిలో 72 శాతం చనిపోయాయి. ట్రౌట్ మంచినీటి చేప కాబట్టి ఈ అంకెల్ని ఉన్నదున్నట్టు సముద్రపు చేపలకు అంటగట్టడం సరికాదు. కానీ బల్లెం లాంటి ముక్కున్న నడిసముద్రపు చేప వైట్ మార్లిన్ మీద కూడా, వదిలాక బతికిందో లేదో తెలిపే శాటిలైట్ ట్యాగులు కట్టి చూశారు. కొన లోపలికి వంగి గుండ్రంగా ఉండే సర్కిల్ హుక్‌తో పట్టి, నీళ్లలోనే ఉంచి వదిలేసిన వాటిలో చనిపోయినవి చాలా కొద్ది, కొన్ని నిమిషాలు గాలిలో ఉంచి వదిలిన వాటిలో దాదాపు మూడో వంతు చనిపోయాయి. వదిలిన చేప తోక ఊపుకుంటూ లోతుల్లోకి వెళ్లిపోతుంటే బోటు మీద అందరూ చప్పట్లు కొడతారు, కానీ ఈ చావు ఆ తర్వాత గంటలకు, ఎవరి కంటా పడకుండా జరిగేది.

ఇంకో సంగతి, ట్యూనా, మార్లిన్, మాకో షార్క్ లాంటివి ముందుకు ఈదుతూ ఉంటేనే ఊపిరి తీసుకోగలవు. నోట్లోకి వచ్చిన నీళ్లు మొప్పల మీదుగా పారాలి, అదే వాటి శ్వాస. అందుకే తెలిసిన సిబ్బంది చేపను బోటు పక్కన పట్టుకున్నప్పుడు కూడా బోటును నెమ్మదిగా ముందుకు నడిపిస్తూనే ఉంటారు. ఫొటో కోసం బోటును పూర్తిగా ఆపించడం కూడా చేప ముక్కు మూయడమే, ఇది చాలామందికి తట్టదు.

మరి ఫొటో ఎలా? నీళ్లలోనే. ఇది చేప కోసం రాజీపడి తీసుకునే రెండో రకం ఫొటో అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. మార్లిన్, సెయిల్‌ఫిష్ లాంటివి ఉద్రేకంలో ఉన్నప్పుడు వాటి ఒంటి మీద నీలం చారలు లోపల దీపం వెలిగించినట్టు మెరుస్తాయి. డెక్ మీదికి లాగిన కాసేపటికి అదే చేప నల్లబడిపోయి, మట్టి పట్టిన రాగి రంగులోకి దిగిపోతుంది. మాహి మాహి అనే చేప సంగతి ఇంకా బాధగా ఉంటుంది, బంగారు పసుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన ఆ ఒళ్లు చనిపోతుండగా అలలు అలలుగా రంగులు మార్చుకుని, నిమిషాల్లోనే బూడిద రంగుకు వచ్చేస్తుంది. కాబట్టి రంగు కావాలనుకునే ఫొటోగ్రాఫర్‌కు నీళ్లే స్టూడియో.

నీళ్లలోని చేపను తీయడానికి అడ్డొచ్చేది పైన తళతళలాడే మెరుపు. పోలరైజర్ ఫిల్టర్ ఆ మెరుపును చాలావరకు తీసేస్తుంది, ముఖ్యంగా నీటిని ఏటవాలుగా చూసినప్పుడు. కానీ లెన్సులోకి వచ్చే వెలుతురును కూడా మూడో వంతుకో పావు వంతుకో తగ్గిస్తుంది, కాబట్టి చేప ఎగిరే ఫొటోలకు దాన్ని తీసేయడమే మేలు. చేప బోటు పక్కకు వచ్చినప్పుడు వైడ్ లెన్స్ ఉన్న రెండో కెమెరా మెడలో సిద్ధంగా ఉండాలి, ఆ సమయంలో లెన్స్ మార్చడానికి కూర్చుంటే చేప దగ్గర టైమ్ దొంగిలించినట్టే, పైగా ఉప్పు తుంపర్లన్నీ సెన్సార్ మీదికే. పొడుగాటి కర్రకు చిన్న యాక్షన్ కెమెరా బిగించి నీళ్లలోకి దించితే చేప కన్ను, పైన వంగి చూస్తున్న మనిషి ముఖం రెండూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. చేపను ఒళ్లో పెట్టుకుని పళ్లికిలించే ఫొటోలో మనిషీ చేపా ఇద్దరూ కెమెరా వైపే ఉంటారు, ఇందులో ఒకరినొకరు చూసుకుంటుంటారు. కర్ర మాత్రం లీడర్ వైపు పోకుండా చూసుకోవాలి.

ఎగిరే చేప ఫొటో అంటే అందరికీ మోజు. దానికి కావాల్సింది అదృష్టం కన్నా దారాన్ని చదవడం. చేప లోతుల్లో ఉన్నంతసేపూ దారం నిటారుగా నీళ్లలోకి దిగి ఉంటుంది. అది పైకి వస్తోందంటే దారం నీటిని కోసుకుంటూ మెల్లగా చదునుగా లేస్తుంది, బోటు మీద పాత చేతులు ఎవరైనా ఉంటే చేప కనిపించకముందే "వస్తోంది, వస్తోంది" అని కేక వేస్తారు. కొత్తవాళ్లు దారం నీళ్లలో దిగిన చోటే లెన్స్ పెట్టి కూర్చుంటారు. నీళ్లలో దారం పెద్ద విల్లులా వంగి ఉంటుంది కాబట్టి చేప చాలాసార్లు ఇంకెక్కడో పైకి లేస్తుంది. రెండో కన్ను తెరిచే ఉంచి, జూమ్ కాస్త వెడల్పుగానే పెట్టుకుని, షట్టర్ వేగం 1/2000 సెకను కన్నా తగ్గకుండా, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 దగ్గర, ఐఎస్ఓను (సెన్సార్ సున్నితత్వాన్ని) ఆటోలో వదిలేస్తే మిగతాది చేతి చురుకుదనం మీద ఆధారపడి ఉంటుంది. 70-200 మి.మీ. జూమ్ లెన్స్ చాలు. అంతకన్నా పొడుగు లెన్స్‌తో ఊగే బోటు మీద చేప ఫ్రేములో నిలవదు. ఈ ఫొటోలో ఇంకో మంచి విషయం, ఇది తీసేటప్పుడు చేపను ఎవరూ ఏమీ అడగడం లేదు.

ఇక మనుషుల భద్రత. కెమెరా కంటికి ఆనించుకున్న మనిషికి చుట్టూ ఏం జరుగుతోందో కనిపించదు, బోటు మీద ఉన్నవాళ్లలో అందరికన్నా తక్కువ కనిపించేది అతనికే. అయినా అందరికన్నా దగ్గరికి వెళ్లాలని చూసేదీ అతనే. వేట బోటు మీద ప్రతి చోటుకూ ఒక అర్థం ఉంటుంది. రాడ్ పట్టుకున్న మనిషికి సరిగ్గా వెనక, దారం వెళ్లే దిశలో నిలబడకూడదు, ఎందుకంటే సాగి బిగుసుకున్న దారం మీద హుక్ ఊడిపోతే బరువైన ఎర, దానికున్న హుక్కులతో సహా ఉండేలు రాయిలా బోటు మీదికే దూసుకొస్తుంది. లీడర్ పట్టుకున్న మనిషికీ నీళ్లకీ మధ్యలోకి ఏ పరిస్థితిలోనూ వెళ్లకూడదు. ఆ మనిషి లీడర్‌ను అరచేతికి ఒకటి రెండు చుట్లు తిప్పుకుని పట్టుకుంటాడు, చేప మళ్లీ ఒక్క ఊపు ఊపి పరుగందుకుంటే క్షణంలో ఆ చుట్లు వదిలేయాలి. వదలడం ఆలస్యమై నీళ్లలోకి లాగబడినవాళ్లు ఉన్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటప్పుడు అతని మోచేతికి ఫొటోగ్రాఫర్ భుజం తగిలినా, "ఇటు చూడండి" అని పిలిచి అతని చూపు తిప్పినా చేజేతులా ప్రమాదం తెచ్చినట్టే.

సిబ్బంది మనిషి లోపలికి లాగిన లీడర్ డెక్ మీద చుట్టలు చుట్టలుగా పడుతుంది. చూడటానికి తడి తాడు ముక్కలా ఉంటుంది. పారదర్శకంగా ఉండే ఆ చుట్టలో కాలు పెట్టి, వ్యూఫైండర్‌లో చేప కన్నును ఫోకస్ చేస్తున్న మనిషిని ఊహించుకుంటే చాలు, చేప కిందికి దూకగానే ఆ చుట్ట చీలమండ చుట్టూ ఉచ్చులా బిగుస్తుంది. ప్రతి రెండు మూడు ఫొటోలకోసారి కెమెరా దించి పాదాల వైపు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మెడలో గట్టి పట్టీ కూడా ఇలాంటి ఉచ్చే, రాడ్‌కో హుక్‌కో తగులుకుంటే మెడను లాగుతుంది. లాగగానే ఊడిపోయే క్లిప్పు ఉన్న పట్టీ మంచిది.

బోటు వెనక అంచు అందరూ ఇష్టపడే చోటు, నీటికి దగ్గర, కోణం తక్కువ. పెద్ద చేప వెంట కెప్టెన్ బోటును రివర్స్‌లో నడిపేటప్పుడు అలలు ఆ అంచు మీదుగానే లోపలికి విరుచుకుపడతాయి, ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడే చుట్టుముడుతుంది, దానికి వాసన ఉండదు, తల తిరుగుతుంటే సముద్రం వల్లేనని పొరబడతారు. అంతకన్నా పై డెక్‌కు ఎక్కే నిచ్చెన దగ్గర ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని నిలబడితే మనిషి, దారం, చేప మూడూ కనిపిస్తాయి, ఎవరికీ అడ్డం ఉండదు. బల్లెం లాంటి ముక్కున్న చేపలు ఒక్కోసారి బోటులోకే దూకుతాయి, మనుషుల్ని పొడిచిన సంఘటనలు జరిగాయి. చేప బోటు వైపు ఎగురుతుంటే ఫొటో బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అది కెమెరా దించి పక్కకు తప్పుకోవాల్సిన సమయం. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఫొటోలు తీయడం కష్టం అనేవాళ్లకు ఒకటే జవాబు, నడుముకు కట్టుకునే పల్చటి గాలి జాకెట్లు వచ్చి చాలా కాలమైంది.

హుక్ ఉన్న చేపతో పాటు నీళ్లలోకి దిగి ఫొటో తీయాలనే సరదా మాత్రం మానుకోవాలి. కొట్టుకుంటున్న చేప దగ్గరికి షార్కులు వస్తాయి, కనిపించని దారం ఒంటికి చుట్టుకుంటుంది, పక్కనే ప్రొపెల్లర్ ఉంటుంది.

డ్రోన్ ఎగరేసేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. బ్యాటరీ తగ్గగానే డ్రోన్ తనంతట తానే బయల్దేరిన చోటికి తిరిగొస్తుంది. అక్కడ బోటు ఉండదు, సముద్రం ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఇది ముందే మార్చుకోవాలి, రాడ్లూ దారాలూ లేని వైపు నుంచి దించుకోవాలి, పక్షుల గుంపు మీదికీ తిమింగలాల మీదికీ పోకూడదు.

కెమెరా సంరక్షణ పెద్ద విద్యేం కాదు. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా మీద బయటి తేమ ఆవిరిలా పట్టేస్తుంది కాబట్టి పొద్దున్నే బ్యాగులో ఉంచే బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. తుంపర్లు పడితే పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది, ముందు మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్దాలి. కడుపులో తిప్పే సమస్య ఉన్నవాళ్లకు వ్యూఫైండర్‌లోంచి చూస్తుంటే అది ఇంకా ఎక్కువవుతుంది, మధ్యమధ్యలో దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తుండాలి, మాత్ర వేసుకోవాలంటే బయల్దేరకముందే.

చేపను పట్టుకునే తీరు గురించి కూడా ఫొటోగ్రాఫర్‌కు తెలిసి ఉండాలి, ఎందుకంటే అందరూ అతని మాటే వింటారు. చేప ఒంటి మీది జిగురు దానికి రోగాలు సోకకుండా కాపాడే కవచం. పొడి చేతులూ, వేడెక్కిన డెక్కూ దాన్ని ఊడ్చేస్తాయి. మొప్పల్లో వేళ్లు పెట్టకూడదు. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే, ఎప్పుడూ నీరే మోసిన ఆ ఒంటి బరువంతా ఒక్కసారిగా వెన్నుపూస మీదా లోపలి అవయవాల మీదా పడుతుంది. షార్కులకైతే పొట్టను కాపాడే గట్టి పక్కటెముకలు కూడా లేవు, డెక్ మీద పడుకోబెడితే దాని బరువే దాన్ని నలిపేస్తుంది. చిన్న చేపను నిజంగానే ఎత్తాల్సి వస్తే కెమెరా ముందే సిద్ధం కావాలి, ఎక్స్‌పోజర్ సరిచూసుకుని, మనిషిని వెలుతురు వైపు కూర్చోబెట్టి, అప్పుడు "ఊ" అనాలి. తడి చేతులతో, అడ్డంగా, నీటికి దగ్గరగా, రెండు మూడు సెకన్లు, నీళ్లు కారుతుండగానే మళ్లీ లోపలికి. ఫొటో రాకపోతే రాలేదంతే, రెండోసారి ఎత్తమని అడగకూడదు.

అడుగున ఉండే చేపల లెక్క వేరు. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, కాబట్టి 30 మీటర్ల నుంచి పైకి లాగిన చేప ఒంట్లో, అది తేలడానికి సాయపడే గాలితిత్తిలోని గాలి నాలుగు రెట్లు ఉబ్బుతుంది. కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, కడుపు నోట్లోంచి బయటపడుతుంది. అలాంటి చేపను ఫొటో కోసం పక్కన పెట్టి, తర్వాత నీళ్లలో పడేస్తే బెండులా తేలుతూ పక్షులకు ఎర అవుతుంది. బరువు కట్టి వెంటనే లోతుకు దించి అక్కడ వదిలే పరికరాలు ఉన్నాయి, అమెరికాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అడుగు రాళ్ల దగ్గర ఉండే రీఫ్ చేపల వేటకు అలాంటి పరికరమో, గాలితిత్తిలోని గాలి తీసే సూదో బోటు మీద ఉంచుకోవాలని 2022లో చట్టం కూడా అమల్లోకి వచ్చింది. చేప దిగిపోతున్న ఆ దృశ్యాన్ని తీయడం అరుదు, తీస్తే చూసేవాళ్లకు ఎంతో తెలుస్తుంది.

చట్టం మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. అమెరికా అట్లాంటిక్ జలాల్లో, ఉంచుకోని మార్లిన్, సెయిల్‌ఫిష్ లాంటి వాటిని నీళ్లలోంచి బయటికి తీయకుండానే వదిలేయాలన్నది నియమం. అంటే, వదిలేసిన చేపను ఎత్తి పట్టుకున్న ఫొటో అక్కడ తప్పు చేసినట్టు తానే ఇచ్చుకున్న సాక్ష్యం. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి, బయల్దేరకముందే అడిగి తెలుసుకోవాలి.

తినడానికి ఉంచుకునే చేపను తీయడంలో తప్పేమీ లేదు. రక్తం ఉంటే ఉందనే చూపించవచ్చు, వేట వేటే. కానీ ఒడ్డుకు చేరాక గంటసేపు ఎండలో వేలాడదీసి పోజులివ్వడం వల్ల ఇంకో నష్టం ఉంది. ట్యూనా, మాహి మాహి లాంటి చేపలు వేడికి గురైతే మాంసంలో హిస్టమిన్ తయారవుతుంది, తర్వాత ఎంత వండినా అది పోదు, తిన్నవాళ్లకు ఒళ్లంతా ఎర్రబడి తలనొప్పి, వాంతులు. ముందు ఐసు, తర్వాత ఫొటో.

అలాగే నిజాయితీ. చేతులు కెమెరా వైపు చాచి, వైడ్ లెన్స్‌తో తీస్తే మూరెడు చేప మొసలిలా కనిపిస్తుంది, అందరికీ తెలిసిన కిటుకే, కానీ చేప ఎంతుందో నమోదు చేసే ఫొటోలో అది అబద్ధం. చనిపోయిన చేపను నీళ్లలో పట్టుకుని "వదిలేస్తున్నాం" అని రాసుకోవడం అంతకన్నా పెద్ద అబద్ధం, మసకబారిన కన్నూ, చచ్చుబడిన రెక్కలూ చూసి తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఫోన్ ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ వివరాలు తీసేసి పంచుకోవాలి, చేపలు గుంపుగా చేరే చిన్న చోటు ఒకటి బయటపడితే వారంలో అక్కడ బోట్లు బారులు తీరతాయి. గోడకు తగిలించుకునే బొమ్మ కావాలన్నా చేపను చంపక్కర్లేదు, పొడవు, చుట్టుకొలత, రెండు పక్కల నుంచి మంచి ఫొటోలు ఉంటే ఫైబర్‌గ్లాస్‌తో అచ్చంగా అలాంటిదే చేసిస్తారు.

1953 ఆగస్టులో పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన బ్లాక్ మార్లిన్ బరువు 1,560 పౌండ్లు, అంటే దాదాపు 708 కిలోలు. ఆ రోజుల్లో ఫొటో అంటే వేలాడదీసిన చేప, పక్కన నిలబడ్డ మనిషి. అలాంటి ఫొటోలే తర్వాత ఎవరూ అనుకోని పనికి వచ్చాయి. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో టూరిస్టులు తాము పట్టిన చేపలతో ఒడ్డున దిగిన పాత ఫొటోల్ని లోరెన్ మెక్‌క్లెనఖన్ అనే పరిశోధకురాలు వరసగా పేర్చి కొలిచారు. 1956లో సగటున 19.9 కిలోలున్న చేప 2007కి 2.3 కిలోలకు పడిపోయింది. ముఖాల్లో నవ్వులు మాత్రం ఏ దశాబ్దంలోనూ తగ్గలేదు. ఆ లెక్క సాధ్యమైంది ఫొటోల మీద తేదీలు ఉన్నందువల్ల, కొలవడానికి పక్కన ఏదో ఒక ఆధారం ఉన్నందువల్ల. నీళ్లలోనే తీసిన ఫొటోకు కూడా ఇవి జోడించవచ్చు. లీడర్ మీద ముందే వేసుకున్న గుర్తులో, బోటు అంచు మీద గీసిన కొలతో ఫ్రేములోకి వచ్చేలా చూసుకుని, తేదీ, చేప జాతి, బోటు పక్కన ఎన్ని నిమిషాలు ఉంది, ఏ స్థితిలో వెళ్లింది అన్నవి ఆ రాత్రే ఫైల్‌కు రాసి పెట్టుకోవాలి, మర్నాటికి అన్నీ కలగాపులగం అయిపోతాయి.